సైకిల్ మీద కన్యాకుమారికి, అదీ ఒంటరిగా: పంపాలా, ఆపాలా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా పాపకు మొన్న జనవరికి 15 నిండాయి, పది పాసైంది. రెండేళ్లుగా సైకిల్ బాగా తొక్కుతోంది, ఆదివారం పొద్దున్నే శ్రీనివాసమంగాపురం దాకా వెళ్లొస్తుంది. ఫిబ్రవరిలో ఒకరోజు భోజనాల దగ్గర "నాన్నా, నేను కన్యాకుమారికి సైకిల్ మీద పోతా, నేనొక్కదాన్నే" అంది. మా ఆయన ఆ మాట పట్టుకున్నారు. మే 18న అలిపిరి గరుడ సర్కిల్ దగ్గర బయల్దేరేట్టు అందరితో మాట్లాడేశారు. ఎనిమిది రోజుల ప్లాను. ఫ్లెక్సీ కొట్టించారు, లోకల్ చానెల్ వాళ్లు వస్తారట, ఇంత చిన్న వయసులో ఒంటరిగా పోయిన ఆడపిల్ల ఇంకెవరూ లేరని రికార్డు కూడా వస్తుందట. నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. వద్దంటే "ఆడపిల్లని ఇంట్లో కట్టేస్తావా, మా కాలంలో పదేళ్లకే కొండ ఒంటరిగా ఎక్కేవాళ్లం" అంటారు. అత్తగారు కూడా కొడుకు పక్షమే. మా పెద్దబ్బాయి ఇంటర్ సెకండియర్, వాళ్ల నాన్న బైకు మీద రేణిగుంట రోడ్డులో రోజూ కాలేజీకి పోతాడు, వాడి విషయంలో నాకింత భయం లేదు, మరి పాప విషయంలోనే ఎందుకు? నేనే పిరికిదాన్నా? పాపను అడిగితే "ఏం లేదమ్మా, పోతాలే" అంటోంది. వారం నుంచి అన్నం మాత్రం సరిగ్గా తినడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, సూటిగా చెప్పేస్తాను. మే 18న పాపను పంపొద్దు. కన్యాకుమారికి ఎప్పటికీ పోకూడదని నేను అనడం లేదు, బహుశా మూడేళ్లకు పోతుంది, అప్పుడు మీరే పులిహోర కట్టిచ్చి పంపుతారు. కానీ ఈ నెలలో, ఈ ఎండల్లో, ఈ ఫ్లెక్సీ కింద నుంచి మాత్రం వద్దు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. భయం, రికార్డు, అత్తగారి మాట, అవన్నీ ఒక ఎత్తు, చివర్లో ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాసిన ఆ ఒక్క ముక్క ఒక ఎత్తు. పాప వారం నుంచి సరిగ్గా తినడం లేదు. ఫిబ్రవరిలో "పోతా" అన్న పిల్ల మేలో "పోతాలే" అంటోంది. ఆ "లే" మీరు విన్నారు, అందుకే అలాగే రాశారు. పోవాలని మనసులో ఉన్న పిల్ల "పోతాలే" అనదు. ఇంకెవరి కోసమో ఒప్పుకున్న మాట అది, చిన్నప్పుడు మనం ఇష్టం లేని పెళ్లికి అమ్మ వెంట బయల్దేరుతూ అనే మాట అది. నేను పొరబడి ఉండొచ్చు, వట్టి ఎండ వల్లనే తిండి మీదికి మనసు పోవడం లేదేమో. కానీ అది తేలేదాకా సైకిల్ బయటికి తీయొద్దు.

నేను ఈ చిత్తూరు జిల్లా హైస్కూళ్లలో 27 ఏళ్లు పీఈటీగా పనిచేశాను. పిల్లల్ని కొండలకూ కోనలకూ తిప్పినవాణ్ని, ఇంట్లో కూచోపెట్టాలనే మనిషిని కాను. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని తలకోనకు తీసుకెళ్లాం. జలపాతం 270 అడుగులు, కింద నీళ్లలో ఆడుకున్నాక పక్కనున్న బండల మీద కొంచెం పైకి ఎక్కుదామని పిల్లలు గోల చేస్తే సరేనన్నాను. ఆ బండలు ఎండకు ఆరినట్టే కనిపిస్తాయి, పగుళ్లలో మాత్రం పాచి. ఒక పిల్లవాడు చెప్పులు విప్పి నిక్కరు వెనక దోపుకుని, బొటనవేలితో ప్రతి బండా తడిమి చూసుకుంటూ ఎక్కుతున్నాడు. సగం ఎక్కాక కూలబడి "సార్, నేనిక్కడే ఆగిపోతా, ఎక్కేదానికైతే ఎక్కతాను, దిగేదానికి చేతకాదు నాకు" అన్నాడు. అందరూ నవ్వారు. వాణ్ని దాటుకుని చకచకా పైకి పోయిన ఇంకొకడు, క్లాసులో ఆటలన్నిటికీ వాడే లీడరు, ఇంకో 20 అడుగులు పోయాక వెనక్కి తిరిగి చూశాడు. అంతే, కాళ్లు వణకడం మొదలైంది, పైకీ పోలేడు, కిందికీ రాలేడు. వాడి పిక్కలు కొట్టుకోవడం కింద నుంచి నాకు కనిపిస్తోంది. ఫారెస్టు వాచరు, నేను కలిసి రెండు తువ్వాళ్లు ముడేసి వాణ్ని దించేసరికి గంట పట్టింది. ఆ గంటలో నా గుండె ఎలా కొట్టుకుందో ఇవాళ్టికీ గుర్తుంది.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు అందరూ పైదాకా పోయినవాడి చుట్టే మూగారు. ఆగిపోయినవాడు కిటికీ పక్కన ఒక్కడే కూచున్నాడు. నేను వాడి దగ్గరికి పోయి ఒక్క మంచి మాట చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, అది నా తప్పు. ఎందుకంటే ఆ 40 మందిలో ఎవరినైనా ఒంటరిగా ఒక కొండకు పంపాల్సి వస్తే నేను వాణ్నే పంపుతాను.

పిల్లల సాహసాల గురించి ఎవరు అడిగినా నేను చూసేది ఇదే. వయసెంత, మగా ఆడా, దూరమెంత, అవన్నీ తర్వాత. సగం దారిలో "నా వల్ల కావడం లేదు, వెనక్కి వచ్చేస్తా" అని ఆ పిల్ల అనగలదా? అంటే ఇంట్లో వాళ్లు "సరే, వచ్చేయ్" అనేట్టు ఉన్నారా? ఈ రెండూ ఉంటే మిగతాది నేర్పించుకోవచ్చు. మీ ఇంట్లో ఇప్పుడు రెండోది లేదమ్మా. ఫ్లెక్సీ వచ్చింది, చానెల్ వస్తోంది, నాయనమ్మ ఊరంతా చెప్పింది. వేలూరు దాటాక పాపకు కడుపులో తిప్పితే, ఫోన్ చేసి "నాన్నా, తీసుకుపో" అనగలదా? 15 ఏళ్ల పిల్ల, నాన్నంటే ప్రాణం పెట్టే పిల్ల, అనలేదు. ఓర్చుకుంటుంది. నాకు భయం అక్కడ.

ఇలా జరిగిన సంగతి ఒకటి చెప్తాను, భయపెట్టడానికి కాదు, మీ ఆయనకు చదివి వినిపించడానికి. 1996 ఏప్రిల్‌లో అమెరికాలో జెసికా డుబ్రాఫ్ అనే ఏడేళ్ల పాప రికార్డు కోసం చిన్న విమానం తనే నడుపుతూ దేశం ఈ కొస నుంచి ఆ కొసకు బయల్దేరింది, పక్కన ఇన్‌స్ట్రక్టరు, వెనక నాన్న. దేశమంతా టీవీల్లో చూస్తోంది. రెండో రోజు పొద్దున షయెన్ అనే ఊళ్లో వాన, ఉరుములు. ఆగి ఉంటే ఒకటి రెండు గంటల్లో తెరిపిచ్చేదేమో, ఆగలేదు. విమానం లేచిన కాసేపటికే కూలిపోయి ముగ్గురూ చనిపోయారు. అక్కడి దర్యాప్తు సంస్థ, ఆ వాతావరణంలో బయల్దేరడం ఇన్‌స్ట్రక్టరు చేసిన తప్పని తేల్చి, దానికి తోడైన కారణాల్లో ఒకటిగా మీడియాకు ఇచ్చిన మాటల వల్ల షెడ్యూలు తప్పకూడదనే ఆత్రాన్ని కూడా రాసింది. పైలట్ లైసెన్సు లేనివాళ్లు రికార్డు కోసం విమానం కంట్రోలు పట్టుకోకూడదని ఆ ఏడాదే చట్టం తెచ్చారు. ఆ నాన్న చెడ్డవాడని నేను అనను, బిడ్డను ప్రేమించే ఉంటాడు, బిడ్డతోనే పోయాడు. కానీ వాన పడుతుంటే ఆగుదామనే మాట అనడానికి ఆ పొద్దు ఎవరికీ వీల్లేకుండా పోయింది.

మన పక్కనే ఒడిశాలో బుధియా సింగ్. 2006లో నాలుగేళ్ల పిల్లవాడు పూరీ, భువనేశ్వర్‌ల మధ్య 65 కిలోమీటర్లు, ఏడు గంటలకు పైగా పరుగెత్తాడు. జనం దారి పొడవునా చప్పట్లు కొట్టారు. తర్వాత ప్రభుత్వం డాక్టర్లతో పరీక్ష చేయించి అంత దూరాలు పరుగెత్తించకూడదని ఆపేసింది. నాలుగేళ్ల బిడ్డకు వద్దనే మాట ఎక్కడుంటుంది? మీ పాపకు 15, నోరుంది, అయినా అన్నం పక్కకు నెట్టి చెప్తోందేగానీ నోటితో చెప్పలేకపోతోంది.

అలాగని పిల్లలు చేయలేరని కాదు. ఆస్ట్రేలియా అమ్మాయి జెసికా వాట్సన్ పదహారేళ్లకు పడవలో ఒంటరిగా సిడ్నీ నుంచి బయల్దేరి, సముద్రాలు దాటి తిరిగి 2010 మే 15న, పదిహేడు నిండటానికి మూడు రోజుల ముందు, మళ్లీ సిడ్నీ చేరింది. అసలు ప్రయాణానికి ముందు ట్రయల్‌కు పోయినప్పుడే ఆమె పడవ పెద్ద సరుకు ఓడకు గుద్దుకుని తెరచాప కొయ్య విరిగింది. ఒడ్డుకు తెచ్చుకుంది, బాగు చేయించుకుంది, తర్వాతే పోయింది. అదే ఏడాది అమెరికా అమ్మాయి అబ్బీ సండర్‌లాండ్, తనకూ పదహారే, దారిలో రిపేర్లతో ఆలస్యమై దక్షిణ హిందూ మహాసముద్రంలోకి అక్కడి చలికాలంలో ప్రవేశించింది. జూన్‌లో తుపాను అలలకు కొయ్య విరిగి నడిసముద్రంలో చిక్కుకుంటే, ఒక ఫ్రెంచి చేపల ఓడ పోయి కాపాడింది. ధైర్యానికి ఇద్దరిలో ఎవరూ తక్కువ కాదు. కాలం కలిసిరాని చోట ధైర్యం ఏం చేస్తుందమ్మా.

మన కాలం సంగతి చూడండి మరి. మే 18 అంటే నడి కత్తిరి. చిత్తూరు జిల్లాలో పుట్టినవాళ్లకు నేను కత్తిరి ఎండల గురించి చెప్పక్కర్లేదు, పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడి చెప్పుకు అంటుకుంటుంది. వేలూరులో అయితే 40 డిగ్రీలు దాటడం మామూలే. 700 కిలోమీటర్లకు పైన దూరం ఎనిమిది రోజుల్లో అంటే రోజుకు 90. మామూలు సైకిల్ మీద, బ్యాగు బరువుతో, ఆరేడు గంటలు తొక్కాలి. పొద్దున ఐదుకు బయల్దేరినా పన్నెండు దాకా రోడ్డు మీదే. తల పగిలిపోతున్నట్టు ఉండటం, వాంతి వచ్చేట్టు ఉండటం, మాట తడబడటం, ఇవి వడదెబ్బ గుర్తులని పెద్దవాళ్లకు తెలుసు, ఒంటరిగా ఉన్న పిల్లకు తన మాట తడబడుతోందని ఎవరు చెప్తారు?

రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఈ ప్రశ్నకు మీ ఉత్తరంలో జవాబు లేదు, మీ ఆయన ప్లానులో ఉందో లేదో అడగండి. పద్దెనిమిది నిండని పిల్ల ఒక్కతే వస్తే లాడ్జిలో మామూలుగా గది ఇవ్వరు, ఇవ్వకపోవడమే మంచిది కూడా. ఎనిమిది రోజులంటే ఏడు రాత్రులు. ఏడు ఊళ్లలో ఏడు ఇళ్లు, ముందే మాట్లాడి పెట్టినవి, ఆడవాళ్లున్నవి కావాలి. అవి లేకుండా "ఒంటరిగా" అని ఫ్లెక్సీ మీద రాయడం తేలిక.

మన తెలుగు పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు తనకు పద్నాలుగు కూడా నిండలేదు. మీ ఆయన తప్పకుండా ఆ పేరు చెప్తారు, అందుకే నేనే ముందు చెప్తున్నాను. గురుకులంలో చదివే గిరిజన పిల్ల, భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకుంది, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది, నెలల తరబడి వడపోసి వడపోసి చివరికి ఇద్దరిని ఎవరెస్టుకు పంపితే అందులో ఒకరు తను. పక్కన ఆ రెండో పిల్లవాడు ఆనంద్ కుమార్, తాళ్లు, షెర్పాలు, కింద క్యాంపులో మనుషులు. పదహారు నిండనివాళ్లను నేపాల్ వైపు నుంచి ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి పోయారు. ఒంటరిగా పోలేదు, ఎవరూ ఆమె సాహసాన్ని అందుకని తక్కువ చేయలేదు. ఎవరి పాపైనా పద్నాలుగేళ్లకు పెద్ద పని చేయగలదు, పక్కన మనుషులుంటే. ఆ "ఒంటరిగా" అనే ముక్క మాత్రం చివర కలుపుకోవాల్సింది, మీ ఇంట్లో అదే ముందొచ్చింది.

ఇక, "మా కాలంలో పదేళ్లకే కొండ ఎక్కేవాళ్లం." మేమూ ఎక్కాం. చంద్రగిరి నుంచి శ్రీవారి మెట్టు దారిన, పలకా బలపం ఇంట్లో పడేసి పోయేవాళ్లం. కానీ 2023 గుర్తు చేయండి ఆయనకు. జూన్‌లో అలిపిరి దారిలో మూడేళ్ల బాబును చిరుత పట్టుకుపోతే దేవుడి దయ వల్ల వదిలేసి పోయింది. ఆగస్టులో నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఆరేళ్ల పాప, కుటుంబంతో నడుస్తూ కొంచెం ముందుకు పోయింది, అంతే, దక్కలేదు. తిరుపతిలో ఆ రెండు రోజులు ఎవరింట్లోనూ ముద్ద దిగలేదు. ఆ తర్వాత టీటీడీ ఏం చేసింది? పిల్లలు నడిచి కొండకు రాకూడదని చెప్పలేదు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలో పోనివ్వబోమని చెప్పింది, గుంపులుగా పొమ్మంది, చేతికి కర్ర ఇచ్చింది. ఏ వేళకు, ఎవరితో, చేతిలో ఏముంటే పోవచ్చు అని. నేను మీ పాపకు చెప్తున్నదీ అలాంటిదే.

నెదర్లాండ్స్‌లో ఒక కోర్టు కూడా ఇలాగే ఆలోచించింది. లారా డెకర్ అనే పిల్ల పదమూడేళ్లకే ఒంటరిగా పడవలో ప్రపంచం చుట్టొస్తానంది, నాన్న సరేనన్నాడు. 2009లో కోర్టు ఆపి, పిల్లల సంరక్షణ అధికారుల్ని కూడా బాధ్యత పంచుకోమంది. ఆ పిల్ల అలిగి కూచోలేదు. ఏడాది లోపల ఇంకా పెద్ద, గట్టి పడవ చూసుకుంది, ప్రథమ చికిత్స నేర్చుకుంది, తక్కువ నిద్రతో ఎలా నెట్టుకురావాలో సాధన చేసింది. 2010లో కోర్టు వదిలింది. 2012 జనవరిలో, పదహారేళ్లకు, ప్రయాణం ముగించింది. వద్దన్నప్పుడు "ఇంకా ఏం కావాలి" అని అడిగి ఒక్కొక్కటీ సమకూర్చుకున్న పిల్ల అది.

మీరు పిరికివాళ్లా అని అడిగారు. కాదమ్మా. కానీ మీ భయం సగం ఇంటినే చూస్తోంది. మీ పెద్దబ్బాయికి పద్దెనిమిది నిండలేదనుకుంటున్నాను. రేణిగుంట రోడ్డులో రోజూ, లారీల మధ్య, లైసెన్సు లేకుండా, బహుశా హెల్మెట్ కూడా లేకుండా పోతున్నాడు. ఒంటరి సాహసం అంటే అదే, ఫ్లెక్సీ ఒక్కటే లేదు. వాడు గుద్దుకున్నా, వాణ్ని ఎవరైనా గుద్దినా ఇన్సూరెన్సు దగ్గర్నుంచి అన్నీ చిక్కే. చట్టం అయితే 2019 సవరణ తర్వాత గట్టిగానే ఉంది: మైనరుకు బండి ఇచ్చిన తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. రోజూ చూసే ప్రమాదం కంటికి ఆనదు, అందులోనూ మగపిల్లవాడైతే అసలే ఆనదు. రేపటి నుంచి ఆ బైకు తాళం చెవి మీ దగ్గర పెట్టుకోండి. మొదట అది చేస్తే, పాప విషయంలో "ఆడపిల్లనని ఆపుతున్నావు" అనే మాటకు మీ దగ్గర జవాబుంటుంది, పాపకు కూడా అర్థమవుతుంది.

ఇప్పుడు పాపతో ఎలా మాట్లాడాలి. ఎదురుగా కూచోబెట్టి "నీకిష్టమేనా?" అని అడిగితే మళ్లీ "పోతాలే" అంటుంది. రాత్రి నాన్న పడుకున్నాక వంటింట్లో చిక్కుడుకాయలు ఈనె తీస్తూనో, పొద్దున తల దువ్వుతూనో, మొహం మొహం చూసుకోకుండా ఉన్నప్పుడు అడగండి. "ఫ్లెక్సీ లేకపోతే, చానెల్ రాకపోతే, ఎవరికీ తెలియకపోతే కూడా పోతావా?" అని. అడిగి ఊరుకోండి. వెంటనే చెప్పకపోతే చెప్పించొద్దు, మర్నాడైనా చెప్తుంది. "పోతా, కానీ ఇప్పుడు కాదు" అంటే సంతోషం. "అసలు ఫిబ్రవరిలో ఊరికే అన్నానమ్మా" అంటే ఇంకా సంతోషం, భోజనాల దగ్గర ఒక కల చెప్పుకోవడం తప్పేం కాదు, ఆ కలను మరుసటి పొద్దుకే ప్రెస్సులో అచ్చేయించడమే తొందరపాటు. ఒకవేళ కళ్లు మెరుస్తూ "ఎవరూ చూడకపోయినా పోతా" అంటే, అప్పుడు ఆ పిల్లను ఆపడం కూడా తప్పే, తయారు చేయాలి.

తయారీ అంటే నేనైతే ఇలా చేయిస్తాను. జూన్‌లో ఎండ తగ్గాక ఇంట్లోనే సైకిల్ బోర్లా తిప్పి పంక్చరు తనే వేసుకోవాలి, చైను తనే ఎక్కించుకోవాలి, బ్రేకు తీగ తనే బిగించుకోవాలి, మీరెవరూ చెయ్యి వేయొద్దు. తర్వాత ఒంటరిగా చంద్రగిరి కోట దాకా, పోనూ రానూ పాతిక కిలోమీటర్లు. తర్వాత శ్రీకాళహస్తి, ఒక వైపు 40 లోపే, పోయేటప్పుడు ఒక్కతే, వచ్చేటప్పుడు బస్సులో మీతో. తర్వాత కాణిపాకం, 70 దాకా ఉంటుంది, పాకాల దగ్గర దామలచెరువు మండీలకు పోయే మామిడికాయల ట్రాక్టర్లు రాంగ్ సైడులో వస్తుంటాయి, ఆ రోడ్డు మీద ఎదుటివాడి తప్పు కూడా తనే చూసుకోవడం నేర్చుకోవాలి. ఇందులో ప్రతిసారీ ఒక టైము పెట్టండి. పొద్దున తొమ్మిది అనుకోండి. తొమ్మిదికి ఎక్కడుంటే అక్కడ ఆగిపోయి ఫోన్ చేయాలి, కాణిపాకం గోపురం కళ్లకు కనిపిస్తున్నా సరే. మొదటిసారి ఏడుస్తుంది, ఇంకో రెండు కిలోమీటర్లేగా అంటుంది. ఆగిందా, ఇంటికొచ్చాక పాయసం చేయండి. చేరినరోజు చేయకపోయినా పర్వాలేదు, ఆగినరోజు మాత్రం చేయండి. తలకోన బస్సులో నేను చేయని పని అది.

ఫోన్ చార్జింగ్ అయిపోతే అన్న నంబరూ మీ నంబరూ నోటికి రావాలి. అత్యవసరానికి 112, పిల్లల సాయానికి 1098 అని తెలియాలి. ఎవరైనా పక్కన బండి ఆపి "ఎక్కమ్మా, దింపుతా" అంటే మర్యాద కోసం ఎక్కకూడదు, గట్టిగా వద్దనాలి, దగ్గర్లో ఆడవాళ్లున్న టీ కొట్టుకో పెట్రోలు బంకుకో పోవాలి. ఇది ఆడపిల్లకనే కాదు, మగపిల్లలకూ చెప్పాల్సిందే, చెప్పం.

ఇవన్నీ ఒక ఏడాది చేసి, తర్వాత నాన్నా బిడ్డా రెండు సైకిళ్ల మీద కార్తీక మాసంలో వేలూరు, తిరువణ్ణామలై పోయి రమ్మనండి. మీ ఆయనకు సైకిల్ తొక్కి ఎన్నాళ్లయిందో తెలియదు కానీ, 90 కిలోమీటర్లంటే ఏమిటో ఆయన పిక్కలకు కూడా తెలియాలి. కన్యాకుమారి, అదీ ఒంటరిగా, పద్దెనిమిది నిండాక.

ఇక మీ ఆయన. ఆయన్ను పది మందిలో తప్పు పట్టొద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. బిడ్డ గొప్పది కావాలని ఆశపడే నాన్నలు తక్కువే, ఆయన ఆశ మంచిదే. పాప వల్ల ఆగిందని కూడా ఎవరికీ తెలియకూడదు, అది చాలా ముఖ్యం. "ఎండలు ఎక్కువగా ఉన్నాయి, నేనే వాయిదా వేశాను" అని ఆయనే గ్రూపుల్లో పెట్టాలి, చానెల్ వాళ్లకు ఆయనే ఫోన్ చేయాలి. నలుగురూ నాలుగు మాటలంటారు, వాటిని ఆయన భుజాన వేసుకోవాలి. పాప వినేట్టు "వెనక్కి తగ్గడం తప్పు కాదురా" అని చెప్పక్కర్లేదు, తను తగ్గి చూపిస్తే చాలు. అలా చూసిన పిల్ల రేపు నడిరోడ్డు మీద ఒంట్లో బాగాలేనప్పుడు నాన్నకు ఫోన్ చేస్తుంది.

ముందు పాపతో మాట్లాడండి, ఏమందో నాకు రెండు ముక్కలు రాయండి. ఆయనతో మాత్రం రేపే కూచోండి. 18కి ఇంకా తొమ్మిది రోజులే ఉంది, ఫ్లెక్సీ ఇంకా సర్కిల్‌లో కట్టలేదు కదా.